మురుగునీరు మళ్లీ భూగర్భజలంగా: ఎల్ పాసో నగర అనుభవం

సభాధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు పడమటి కొసన, మెక్సికో సరిహద్దును ఆనుకొని ఎల్ పాసో అనే నగరం ఉంది. ఆ నగరం తన ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటిలో ఒక భాగాన్ని తాగునీటి ప్రమాణానికి శుద్ధి చేసి, 1985 నుంచి నేల కిందికి పంపుతోంది. ఈ పని గురించి చెప్పేవారు సాధారణంగా ఎన్ని కోట్ల లీటర్లు ఇంకించారో చెబుతారు. నా దృష్టిలో అసలు విషయం ఆ లెక్కలో లేదు. నేలలోకి పంపే ముందు ఆ నీటిని ఏ స్థాయికి శుద్ధి చేశారు, ఎందుకు అంత కష్టపడ్డారు, ఇంకించిన తరువాత తోడకాన్ని ఎలా అదుపు చేశారు అన్నవే మనం తెలుసుకోవలసినవి. ఈ ప్రసంగాన్ని ఆ మూడింటికే పరిమితం చేస్తాను.

ముందుగా ఆ చోటు గురించి కొంత చెప్పాలి. ఎల్ పాసో చివావా ఎడారిలో ఉంది. అక్కడ ఏడాదికి కురిసే వాన సుమారు 220 మిల్లీమీటర్లు. కరువుకు మారుపేరుగా మనం చెప్పుకొనే అనంతపురంలో కూడా సగటున 550 మిల్లీమీటర్ల వరకు కురుస్తుందని గుర్తుంచుకుంటే అక్కడి పరిస్థితి అర్థమవుతుంది. నగరం పక్కనుంచి రియో గ్రాండే నది పారుతుంది. అయితే ఆ నది ఏడాది పొడవునా నీళ్లిచ్చే నది కాదు. న్యూ మెక్సికో రాష్ట్రంలో 1916లో పూర్తయిన ఎలిఫెంట్ బ్యూట్ జలాశయం నుంచి సాగు కాలంలో మాత్రమే నీరు వదులుతారు. ఆ నీటిలో సింహభాగం పొలాలకు పోతుంది. 1906 నాటి ఒప్పందం ప్రకారం ఏటా దాదాపు రెండున్నర టీఎంసీలు మెక్సికోకు ఇవ్వాలి. కొలరాడో కొండల్లో మంచు తక్కువగా పడిన ఏడాది నది నీరు ఆలస్యంగా వస్తుంది, తొందరగా ఆగిపోతుంది. అందుచేత నది ఎండిన నెలల్లో నగరానికి దిక్కు బావులే.

ఆ బావుల కింద ఉన్నది హ్యూకో బోల్సన్ అనే నీటిపొర. రెండు పర్వతశ్రేణుల మధ్య కుంగిన లోయలో లక్షల ఏళ్లుగా కొట్టుకొచ్చి పేరుకున్న ఇసుక, గులకరాళ్లు, బంకమట్టి మేటలు వేల అడుగుల మందాన ఉంటాయి. వాటి పైభాగంలో, పర్వతాల పాదాల దగ్గర, మంచినీరు నిలిచి ఉంది. దానికి పక్కన, కింద అంతటా ఉప్పునీరు ఉంది. ఈ రెండింటి మధ్య గోడ ఏదీ లేదు. మంచినీటిని తోడేకొద్దీ ఏర్పడే పల్లానికి ఉప్పునీరు జరిగి వస్తుంది. పైనుంచి సహజంగా ఇంకే నీరు తోడకంతో పోలిస్తే చాలా తక్కువ. పైగా ఈ పొర టెక్సస్, న్యూ మెక్సికో రాష్ట్రాల కింద, మెక్సికోలోని చివావా రాష్ట్రం కింద కూడా పరచుకొని ఉంది. నదికి ఆవలి ఒడ్డున 15 లక్షల జనాభా ఉన్న స్యుదాద్ హ్వారెస్ నగరం దశాబ్దాల పాటు పూర్తిగా ఈ పొర మీదే ఆధారపడింది. రెండు దేశాల మధ్య నది నీటికి ఒప్పందాలు ఉన్నాయి గాని భూగర్భజలానికి ఏ ఒప్పందమూ లేదు.

1970ల చివరికి నగరంలోని చాలా బావుల్లో నీటిమట్టం బాగా పడిపోయింది. కొన్ని బావులు ఉప్పుబారడం వల్ల మూతబడ్డాయి. ఇదే వేగంతో తోడితే మంచినీరు కొన్ని దశాబ్దాలకు మించి రాదని రాష్ట్ర జల అభివృద్ధి సంస్థ హెచ్చరించింది. అప్పుడు నగర జలమండలి మొదట వెదికిన దారి పొరుగింటి నీళ్లది. 1980లో న్యూ మెక్సికో గడ్డమీద రెండు వందలకు పైగా బావులు తవ్వుకోవడానికి దరఖాస్తులు పెట్టింది. ఆ రాష్ట్రం తన భూగర్భజలాన్ని బయటికి పోనివ్వనన్నది. వ్యవహారం ఫెడరల్ కోర్టుకు ఎక్కింది. నీటి ఎగుమతి మీద విధించిన నిషేధం రాజ్యాంగ విరుద్ధమని 1983లో తీర్పు వచ్చినా, న్యూ మెక్సికో చట్టాన్ని సవరించుకుంది, పోరు మరికొన్నేళ్లు సాగింది, చివరికి 1991లో రాజీతో ముగిసింది. న్యూ మెక్సికో నుంచి బావి నీరు మాత్రం నగరానికి రాలేదు. మన నదీజలాల వివాదాలు చూసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. ఆ వ్యాజ్యం నడుస్తుండగానే నగరం రెండో దారి కూడా పట్టింది. అదే ఫ్రెడ్ హెర్వీ నీటి పునఃశుద్ధి కేంద్రం. ఫ్రెడ్ హెర్వీ ఆ నగరానికి మేయరుగా పనిచేసిన వ్యక్తి.

నగర ఈశాన్య భాగంలో కట్టిన ఈ కేంద్రం సామర్థ్యం మొదట్లో రోజుకు కోటి గ్యాలన్లు, అంటే సుమారు 3 కోట్ల 80 లక్షల లీటర్లు. ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడిస్తే అర టీఎంసీ అవుతుంది. ఈ కేంద్రానికి చోటు ఎంచుకోవడంలోనే మొదటి జాగ్రత్త కనిపిస్తుంది. ఈశాన్య ప్రాంతంలో ఎక్కువగా ఉన్నవి నివాసాలు. కర్మాగారాల వ్యర్థాలు పెద్దగా కలవని మురుగు అది. భారలోహాలు, ద్రావకాలు, రంగులు కలిసిన మురుగును తీసుకొని వాటిని వేరు చేయడానికి తంటాలు పడటం కంటే, అవి మొదటే కలవని కాలువను ఎంచుకోవడం తెలివైన పని. మన నగరాల్లో మురుగునీటి పునర్వినియోగం గురించి చర్చించేటప్పుడు శుద్ధి యంత్రాల ఖరీదు గురించి గంటల తరబడి మాట్లాడతారు గాని, ఏ మురుగు ఏ కాలువలో కలుస్తోందన్న ప్రశ్న దగ్గర చాలామంది మౌనం వహిస్తారు.

ఇప్పుడు శుద్ధి క్రమం చెబుతాను. కొంచెం వివరంగా చెప్పక తప్పదు. చెత్తను, ఇసుకను వేరుచేసి, బరువైన మడ్డిని అడుగుకు దింపాక, నీరు గాలి ఊదే తొట్టెల్లోకి వెళుతుంది. మామూలు మురుగునీటి కేంద్రాల్లో ఇక్కడ సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని తిని నీటిని తేర్చుతాయి, దాంతో పని అయిపోయిందంటారు. ఎల్ పాసోలో ఆ తొట్టెల్లో యాక్టివేటెడ్ కార్బన్ పొడిని కూడా కలుపుతారు. సూక్ష్మజీవులకు కొరుకుడుపడని రసాయనాలను ఆ బొగ్గుపొడి తన ఉపరితలానికి అంటించుకుంటుంది. ఈ ప్రక్రియ రెండు అంచెలుగా సాగుతుంది. మొదటి అంచెలో అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది, రెండో అంచెలో మరో రకం సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. నైట్రేటు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, అది నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది, ఇసుకకు చిక్కదు, నీటిపొరలోకి చేరితే దశాబ్దాల పాటు అక్కడే ఉంటుంది, పసిపిల్లలకు చాలా ప్రమాదకరం.

తరువాతి మెట్టు సున్నం. వెనుకటి రోజుల్లో మన పల్లెల్లో బిందెలో ఇండుపగింజ అరగదీసి మురికిని అడుగుకు దింపినట్టే, ఇక్కడ సున్నం నీటిలోని భాస్వరాన్ని, మిగిలి ఉన్న లోహాలను గట్టిపరచి కిందికి దించుతుంది. దానితోపాటు నీటి క్షారగుణాన్ని వైరస్‌లు బతకలేనంతగా పెంచుతుంది. ఆ క్షారాన్ని తగ్గించడానికి కార్బన్ డయాక్సైడ్ ఊదుతారు. ఆపై ఇసుక వడపోత. దాని తరువాత ఓజోన్ వాయువుతో క్రిమిసంహారం. ఆ తరువాత గుళికల రూపంలో ఉన్న యాక్టివేటెడ్ కార్బన్ పరుపుల గుండా మరో వడపోత. చివర కొద్దిగా క్లోరిన్. ఇంతా అయిన నీరు నేరుగా బావిలోకి పోదు, నిల్వ తొట్టెల్లో ఆగుతుంది. పరీక్షల్లో అది తాగునీటి ప్రమాణాలకు సరిపోయిందని తేలాకే కదులుతుంది.

వినేవారికి ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఎలాగూ నేలలో ఇంకుతుంది, నేల నీటిని వడకడుతుంది, మరి పైన ఇన్ని మెట్లు ఎందుకు? దీనికి జవాబు నీటిని లోపలికి పంపే దారిలో ఉంది. ఎల్ పాసోలో నీటిపొర నేలమట్టానికి సుమారు 350 అడుగుల దిగువన ఉంది. మొదట్లో వారు వాడినవి ఇంజెక్షన్ బావులు. అంటే తోడే బోరుకు తిరగేసిన పని. గొట్టం ద్వారా నీరు తిన్నగా నీటిపొరలోకే దిగుతుంది. పైనున్న వందల అడుగుల ఎండు ఇసుకను అది తాకదు. నేలలో నీటిని ఎక్కువగా శుభ్రం చేసేది ఆ పైపొరే. అక్కడ గాలి ఉంటుంది, సూక్ష్మజీవులు ఉంటాయి, నీరు చుక్కచుక్కగా జారుతుంది. ఇంజెక్షన్ బావి ఈ అవకాశాన్ని దాటవేస్తుంది కాబట్టి, నేల చేయవలసిన పనంతా యంత్రాలే ముందుగా చేసిపెట్టాలి.

నీటిపొరలోకి దిగాక ఆ నీరు ఇసుక రేణువుల సందుల్లో చాలా నెమ్మదిగా జరుగుతూ పాత నీటితో కలుస్తుంది. తోడే బావులను చేరడానికి ఏళ్లు పడుతుంది. మిగిలిన సూక్ష్మజీవులేవైనా ఉంటే ఆ కాలంలో నశిస్తాయి. ఎక్కడైనా పొరపాటు జరిగితే, మధ్యలో ఉన్న పరిశీలన బావుల ద్వారా దాన్ని కనిపెట్టి, ఫలానా బావిని తోడకుండా ఆపడానికి వ్యవధి దొరుకుతుంది. మరో లాభం జనం మనసుకు సంబంధించింది. శుద్ధి చేసిన మురుగును నేరుగా కుళాయికి పంపుతామంటే ఏ ఊరైనా ముఖం చిట్లిస్తుంది, అదే నీరు భూమిలోంచి బావినీరుగా వస్తే అభ్యంతరం తగ్గుతుంది. రసాయనశాస్త్రం దృష్టితో చూస్తే ఈ భేదం పాక్షికంగానే సమంజసం. అయినా ప్రజల సమ్మతి లేకుండా ఏ జలమండలీ బతకలేదు.

ఇంజెక్షన్ బావులతో చిక్కులు లేకపోలేదు. ఎంత తేటనీరైనా అందులో సన్నని రేణువులు, గాలి బుడగలు, జిగురు పెంచే సూక్ష్మజీవులు కొన్ని ఉంటాయి. అవి బావి జల్లెడ గొట్టాల చుట్టూ పేరుకొని దారి మూస్తాయి. అప్పుడప్పుడు బావిని వెనక్కి తోడి కడగాలి. లోహపు గొట్టాలు తుప్పు పడతాయి. అందుచేత కాలక్రమంలో ఎల్ పాసో, వెడల్పైన మడుగులు తవ్వి నీటిని పైనుంచే ఇంకించే పద్ధతిని కూడా చేపట్టింది. ఇవి మన ఊటకుంటల వంటివే. వీటికి ఖర్చు తక్కువ, పైపొర మట్టి కూడా శుద్ధిలో పాలుపంచుకుంటుంది, పేరుకున్న ఒండ్రును ఎండబెట్టి గీకివేస్తే సరిపోతుంది. విశాలమైన స్థలం కావాలి, అడుగున బంకమట్టి పొర అడ్డు లేకుండా ఉండాలి. నగర ఈశాన్యాన జలమండలికి సొంత భూములు విస్తారంగా ఉన్నాయి కనుక ఇది సాధ్యమైంది. ఆ భూముల వల్ల మరో మేలు కూడా జరిగింది. టెక్సస్ చట్టం ప్రకారం తన నేల కింద ఉన్న నీటిని తోడుకొనే హక్కు ఆ నేల యజమానిది. ఇంకించిన చోట చుట్టూ పరాయి బావులు ఉంటే, నగరం డబ్బు పోసి శుద్ధి చేసిన నీరు పొరుగువాడి మోటారుకు అందేది.

ఇక ఈ పథకం హ్యూకో బోల్సన్‌ను ఎంతవరకు కాపాడిందన్న ప్రశ్న. ఇక్కడ ప్రచారానికీ వాస్తవానికీ దూరం ఉంది. నగరం రోజూ వాడే నీరు పది కోట్ల గ్యాలన్లకు పైమాటే. శుద్ధి కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచినా అందులో పదో వంతుకు మించదు. అందులోనూ అంతా నేలలోకి పోదు. కొంత విద్యుత్ కేంద్రాన్ని చల్లబరచడానికి, కొంత గోల్ఫ్ మైదానం తడపడానికి పోతుంది. అదీ మంచి వాడుకే, ఎందుకంటే ఆ మేరకు బావినీరు మిగులుతుంది. అయినా నీటిమట్టాల పతనాన్ని నిలువరించడంలో పెద్దచేయి తోడకం తగ్గించడానిదే. 1980ల చివర పతాకస్థాయికి చేరిన హ్యూకో తోడకం ఆ తరువాత సగానికి దగ్గరగా తగ్గింది. 1993లో నది నీటిని శుద్ధి చేసే రెండో కేంద్రం ప్రారంభమైంది. నది పారే నెలల్లో నదినీరు వాడి, బావులకు విశ్రాంతి ఇవ్వడం అలవాటైంది. ఎక్కువ వాడినవారికి ఎక్కువ ధర పడేలా నీటి పన్నును అంచెలుగా మార్చారు. పచ్చగడ్డి మైదానాలు తీసేసి ఎడారి మొక్కలు పెంచుకున్న ఇళ్లకు ప్రోత్సాహకాలు ఇచ్చారు. తోటలు తడిపే రోజులను, వేళలను నిర్ణయించారు. తలసరి వాడకం రోజుకు 200 గ్యాలన్లకు పైనుంచి సుమారు 130 గ్యాలన్లకు దిగింది. 130 గ్యాలన్లంటే దాదాపు 490 లీటర్లు. మన మహానగరాలకు నిర్దేశించిన 135 నుంచి 150 లీటర్లతో పోలిస్తే అది ఇంకా దుబారాయేనని ఎవరైనా అంటే నేను కాదనను.

మరొక లోటు ఉప్పు. నేను చెప్పిన శుద్ధి మెట్లలో ఏదీ కరిగిన ఉప్పును చెప్పుకోదగినంతగా తీయదు. ఇళ్లలో వాడిన ప్రతిసారీ నీటిలో ఉప్పు కొంత పెరుగుతుంది. అదే నీటిని మళ్లీ మళ్లీ తిప్పితే నీటిపొర క్రమంగా చప్పదనం కోల్పోతుంది. పక్కనుంచి జరిగివచ్చే ఉప్పునీటి బెడద ఎలాగూ ఉంది. దీనికి నగరం 2007లో ఫోర్ట్ బ్లిస్ సైనిక స్థావరంతో కలిసి కే బెయిలీ హచిసన్ డీశాలినేషన్ కేంద్రాన్ని ప్రారంభించింది. మొదట్లో రోజుకు 2 కోట్ల 75 లక్షల గ్యాలన్ల సామర్థ్యంతో మొదలైన ఈ కేంద్రం సముద్రానికి దూరంగా ఉన్న నిర్లవణీకరణ కేంద్రాల్లో అతి పెద్దదిగా పేరుపొందింది. అది తోడుకొనేది ఉప్పునీటినే. మంచినీటి బావుల వైపు జరుగుతున్న ఉప్పునీటికి అడ్డుపడి తోడేయడం వల్ల అది నీళ్లూ ఇస్తుంది, కాపలా కూడా కాస్తుంది. మిగిలిన చిక్కని ఉప్పునీటిని మైళ్ల దూరం గొట్టాల్లో తీసుకెళ్లి, మంచినీటి పొరలతో సంబంధం లేని లోతైన రాతిపొరల్లోకి దించుతారు.

ఈ అనుభవాన్ని మన ప్రాంతానికి ఎంతవరకు అన్వయించవచ్చు? ఒక దగ్గరి ఉదాహరణ చూద్దాం. తెలుగు మాట్లాడేవారు పెద్దసంఖ్యలో ఉన్న కర్ణాటకలోని కోలారు జిల్లాలో 2018 నుంచి ఇలాంటి ప్రయత్నమే నడుస్తోంది. బెంగళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయ మురుగునీటిని శుద్ధి చేసి, రోజుకు 44 కోట్ల లీటర్ల వరకు గొట్టాల్లో పంపి, కోలారు చెరువులు నింపి, భూగర్భజలాన్ని పెంచే పథకం అది. పరిమాణంలో ఎల్ పాసో కేంద్రానికి పది రెట్లకు మించినది. వెయ్యి అడుగులు దాటినా బోర్లలో నీరు పడని ఆ ప్రాంతంలో నీటిమట్టాలు లేచాయి, రైతులు మళ్లీ పంటలు వేశారు. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే అక్కడ జరుగుతున్నది రెండో దశ శుద్ధి, అంటే సూక్ష్మజీవులతో సేంద్రియ పదార్థాన్ని తొలగించడం మాత్రమే. ఎల్ పాసోలో గాలి తొట్టెల తరువాత వచ్చిన సున్నం, ఓజోన్, కార్బన్ వంటి మెట్లు అక్కడ లేవు. పథకం మొదలైన కొద్ది వారాలకే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచి నీటి విడుదల కొన్నాళ్లు ఆగింది. వ్యవహారం హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. మూడో దశ శుద్ధి జరపాలన్న కోరిక ఈనాటికీ వినిపిస్తోంది.

ఆ కోరిక న్యాయమైనదని నేను భావించడానికి నేల స్వభావమే కారణం. హ్యూకో బోల్సన్ మందమైన ఇసుక మేట. కోలారు, చిత్తూరు, అనంతపురం, తెలంగాణలో చాలా భాగం గట్టి రాతినేల. మన నీరు పైనున్న చివికిన రాతిపొరలోనూ, దాని కింద బండల పగుళ్లలోనూ ఉంటుంది. ఇసుకలో నెమ్మదిగా వడకట్టబడే నీరు పగుళ్లలో ఎక్కడికి ఎంత వేగంగా పోతుందో ముందుగా చెప్పడం కష్టం. ఒక చెరువు కింద దిగిన నీరు కొద్ది రోజుల్లోనే ఏదో బోరులో తేలవచ్చు. నేల ఇచ్చే రక్షణ తక్కువగా ఉన్న చోట పైన శుద్ధి ఎక్కువగా ఉండాలి. మనం దానికి విరుద్ధంగా చేస్తున్నాం. వాననీటిని ఇంకుడుగుంతల్లోకి దించడానికి ఉన్న స్వేచ్ఛ మురుగునీటికి వర్తించదు. మూసీ వెంట శుద్ధి కేంద్రాలు పెరుగుతున్న ఈ కాలంలో, అక్కడి నీటితో భూగర్భజలాన్ని నింపుదామనే ఆలోచన ఎవరికైనా వస్తే, ముందుగా పరిశీలన బావులు తవ్వి, పగుళ్ల దారులు తెలుసుకొని, ఆ తరువాతే గొట్టాలు వేయాలని నా మనవి.

ఎల్ పాసో ఇప్పుడు మరో అడుగు వేస్తోంది. శుద్ధి చేసిన మురుగునీటిని నేల కిందికి పంపకుండా నేరుగా తాగునీటి గొట్టాల్లోకి చేర్చే కేంద్రానికి 2025లో నిర్మాణం మొదలుపెట్టింది. దాని సామర్థ్యం కూడా రోజుకు కోటి గ్యాలన్లే. 2028 నాటికి పూర్తి చేయాలన్నది లక్ష్యం. సన్నని పొరల గుండా ఒత్తిడితో వడపోత, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి, మళ్లీ యాక్టివేటెడ్ కార్బన్, చివర క్లోరిన్ ఇందులో ఉంటాయి. ఉప్పు సమస్యకు కూడా ఇది జవాబు చెబుతుంది. నమీబియా రాజధాని విండ్‌హుక్ 1968 నుంచి ఈ దారిలోనే నడుస్తోంది కనుక ఇది సాహసమేమీ కాదు. కాని నలభై ఏళ్లుగా నేల ఇస్తూ వచ్చిన వ్యవధి ఈ కొత్త కేంద్రానికి ఉండదు. హ్యూకో పొరలో తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి ఏళ్లు ఉండేవి, ఇక్కడ గంటలు, ఒక్కోసారి నిమిషాలే ఉంటాయి. ఆ లోటు పూడ్చడానికి ప్రతి మెట్టు దగ్గరా నిరంతరం కొలిచే పరికరాలు, అనుమానం రాగానే నీటిని పక్కకు మళ్లించే ఏర్పాట్లు, రాత్రీ పగలూ నిఘా వేసే శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. యంత్రాలు ఏ నగరమైనా కొనగలదు. ఆ సిబ్బందిని తయారుచేసుకోవడానికి ఎల్ పాసోకు 1985 నుంచి సమయం దొరికింది.